ఆష్‌వెల్ గుడి గోడ

ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో ఆష్‌వెల్ అని చిన్న ఊరు. అక్కడి సెయింట్ మేరీ చర్చి 14వ శతాబ్దంలో కట్టింది. ఊరెంత చిన్నదో గోపురం అంత పెద్దది, దాదాపు 176 అడుగులు! నేను మాత్రం గోపురం కింది గోడ దగ్గరే ఆగిపోయాను.

కట్టడానికి వాడింది మెత్తటి సుద్దరాయి. మేకుతో గీసినా గీత పడుతుంది. అలా ఎవరో లాటిన్‌లో గీసిన అక్షరాలు లోపలి ఉత్తర గోడ మీద ఇంకా ఉన్నాయి. 1350లో ప్లేగు మహమ్మారి ఘోరంగా విరుచుకుపడిందని, సాక్ష్యం చెప్పడానికి జనంలో అడుగూబొడుగూ మాత్రమే మిగిలారని దాని సారాంశం. కిందనే 1361 నాటి పెనుగాలి ప్రస్తావన. అప్పట్లో అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, మన లెక్కలో అది 1362 జనవరి.

రాసినవాళ్ల పేరు లేదు. ఊళ్లో సగం ఇళ్లు దీపం లేక ఉన్నప్పుడు కూడా ఒకరు నిలబడి ఇది రాశారంటే నాకు గొంతు పూడుకుపోయింది. కోవిడ్‌లో మనవాళ్లను పోగొట్టుకున్న ఎవరికైనా ఆ గీతలు పరాయివిగా అనిపించవు.

అదే గోడ మీద పెద్ద చర్చి బొమ్మొకటి ఉంది. లండన్‌లోని పాత సెయింట్ పాల్స్ అంటారు. అసలు కట్టడం 1666 అగ్నిప్రమాదంలో పోయింది. వెళ్తే టార్చి తీసుకెళ్లండి, వెలుతురు పక్కనుంచి పడితేనే గీతలు తేలతాయి. చేత్తో మాత్రం తాకొద్దు, ఆ రాయి చాలా మెత్తన.