చేతుల మీదుగా వచ్చిన సమాధానం

ఎసరు మరుగుతుంటే మా అమ్మ బియ్యం కొలుస్తుంది. కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న పాత డాల్డా డబ్బాలో వేస్తుంది. వేసేటప్పుడు పెదవులు కదులుతాయి. ఎవరి కోసం ప్రార్థన చేసుకుంటుందో మేమెప్పుడూ అడగలేదు. డబ్బా నిండాక అది గుడికి పోతుంది. డోర్నకల్ చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లకు పిడికెడు బియ్యం గురించి వేరే చెప్పక్కర్లేదు. చేతిలో పైసా ఆడని కూలి ఇళ్లు కూడా సంఘాన్ని మోసింది ఇట్లాగే.

అట్లాంటి ఇంట్లో మా నాన్న మూడేళ్లు గుడి మెట్లెక్కలేదు.

గుడి రేకులు తీసేసి స్లాబు వేద్దామని చందాలు వేసుకున్నారు. లెక్కలు నాన్న రాసేవాడు. చివర్లో చూస్తే ఆరు వేల చిల్లర తేడా వచ్చింది. కమిటీ మీటింగులో ఒక పెద్దాయన లేచి, "బియ్యం ఇక్కడ పోసి డబ్బులు ఇంటికి పట్టుకుపోతే ఎట్లా?" అన్నారు. ఆయన నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. నేను పెదనాన్నా అని పిలుస్తాను. మాది ఒక వాడ, వాళ్లది ఇంకో వాడ. అంతవరకు లెక్కల గొడవగా ఉన్నది వారం తిరిగేసరికి మాలవాడ, మాదిగవాడ గొడవైంది. ఒకే జంపఖానా మీద కూర్చునేవాళ్లు 'మీవాళ్లు, మావాళ్లు' అనుకోవడం మొదలుపెట్టారు. ఎనిమిది కుటుంబాలు టౌనులో వేరే ప్రార్థనకు వెళ్లిపోయాయి. స్లాబు ఇనుప చువ్వలు ఆకాశంలోకి లేచి అట్లాగే తుప్పు పట్టాయి.

అమ్మ మాత్రం ఒక్క పూట కూడా పిడికెడు ఆపలేదు. "అది సంఘానికి కాదే, దేవుడికి" అనేది.

నిరుడు నా కూతురి బాప్తిస్మం మా ఊళ్లోనే పెట్టుకున్నాం. తాతయ్య లేకుండా ఎట్లా అని నేను ఖమ్మం నుంచి ఫోన్లో ఏడ్చాను. వచ్చాడు. మోకాళ్ల నొప్పి వల్ల కింద కూర్చోలేక, మగవాళ్ల వైపు వరస చివర, దారి పక్కన కుర్చీ వేయించుకున్నాడు. ఆ రోజు బల్ల కూడా ఉంది, అంటే ప్రభు రాత్రి భోజనం.

మా సంఘంలో బల్లకు ముందు సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు ఇచ్చుకుంటారు. పాస్టరయ్యగారు బల్ల దగ్గరున్న పెద్దలకు ఇస్తారు, వాళ్లు దిగి వచ్చి ప్రతి వరస చివర కూర్చున్నవాళ్లకు ఇస్తారు, అక్కణ్నుంచి పక్కవాళ్లకు, వాళ్ల పక్కవాళ్లకు. నా కుడి అరచెయ్యి మీ కుడి అరచేతికి ఆనాలి, ఇద్దరి ఎడమ చేతులూ పైనుంచి మూసుకోవాలి. అప్పటికి చాలా దేశాల సంఘాలు దాదాపు మర్చిపోయిన ఈ పద్ధతిని 1950లో మా దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) తన ఆరాధన క్రమంలోకి తెచ్చుకుంది, కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర చూసి. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. ఎవరి చేతి నుంచి అందుకోవాలో మనం ఎంచుకోలేం.

ఆ రోజు మగవాళ్ల వైపు వచ్చిన పెద్ద, పెదనాన్న.

నేను ఆడవాళ్ల వైపు నుంచి చూస్తున్నాను, ఒళ్లో పాప. ఆయన నాన్న కుర్చీ ముందు ఆగారు. మిరపకాయలు కోసి కోసి ఎర్రబారి, గోళ్ల పక్కన చీలిన చేతులు. చాచారు. నాన్న చేతులు తొడల మీద నుంచి లేవలేదు. వెనక వరస ఆగిపోయింది, పాట అయిపోయింది, ఫ్యాను చప్పుడు ఒక్కటే. పెదనాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాచినది చాచినట్టే ఉంచి, కాసేపటికి వంగి మోకాలి మీద కూర్చున్నారు, నాన్నకు అందేట్టు. అప్పుడు నాన్న తన చెయ్యి ఇచ్చాడు. నాలుగు చేతులూ కలిసి వణకడం నాకు అక్కడి దాకా కనిపించింది. ఇద్దరూ ఒక్క మాటా అనలేదు. నాన్న పక్కకు తిరిగి, ఆ సమాధానాన్ని జంపఖానా మీద కూర్చున్న కుర్రాడికి అందించాడు.

కృప అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. దాన్ని కళ్లతో చూసింది ఆ రోజే.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారు తమిళ దేశం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, మన పల్లెల్లో తిరిగిన మనిషి. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తమిళ దేశపు తరంగంబాడిలో కూర్చున్నవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ మాట నెరవేరడానికి 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు, ఇట్లా వేర్వేరు శాఖల వాళ్లు ఒకటై దక్షిణ ఇండియా సంఘమయ్యారు. ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశారు, చూడలేదు. మిషన్లు ఓడల మీద తెచ్చిన గోడలు కూలడానికే అన్నేళ్లు పడితే, మన ఊళ్లో ముందు నుంచీ ఉన్న గోడ సంగతేమిటని నేను చాలాసార్లు దిగులుపడ్డాను. ఇప్పుడు ఆ 28 ఏళ్లు తలుచుకుంటే ధైర్యం వస్తుంది. తాము చూడబోని దాని కోసం పని చేసినవాళ్లున్నారు.

తర్వాతి వారం పెదనాన్న బిల్లుల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అరుగు మీద ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి కూడారు. ఇసుక ట్రాక్టరు కిరాయి వేరే నోటుపుస్తకంలో దొరికింది. పద్దెనిమిది వందల యాభై మాత్రం ఇప్పటికీ తేలలేదు. "చెరి సగం వేసి మూసేద్దాం తమ్ముడూ" అన్నారు పెదనాన్న. నాన్న ఒప్పుకోలేదు. తేలనిది తేలలేదనే సంఘం ముందు చదివాడు. చదివేటప్పుడు పెదనాన్న ఆయన పక్కనే నిలబడ్డారు. వాడల మధ్య అన్న మాటలన్నీ పోయాయని నేను అనను. వెళ్లిన ఎనిమిది కుటుంబాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

పోయిన శనివారం అమ్మ ఆ ఎనిమిదిళ్లలో ఒక ఇంటికి పలకరించడానికి వెళ్లింది. వచ్చేస్తుంటే ఆ ఇంటావిడ గుమ్మం దాకా వచ్చి, కొంగు చాటున ఒక స్టీలు డబ్బా అందించిందట. మూత తీస్తే బియ్యం, అంచుల దాకా. "రోజూ తీస్తూనే ఉన్నా వదినా. రేపు మీ దాంట్లో కలిపి పొయ్యి. ఎవరివని అడిగితే చెప్పకు."