ఏఐ పాలసీ రాసేవాళ్లు ముందు రేషన్ కార్డు వైపు చూడాలి

2025 జనవరి 29న కేంద్ర ఆర్థిక శాఖ ఒక మెమో ఇచ్చింది: ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని. ఫైళ్ల గోప్యతకు అది సరే. కానీ గుమాస్తా ఏఐతో లెటరు రాయించుకుంటే జనానికి పోయేదేమీ లేదు. వాళ్ల పేరు ఏదో లిస్టులోంచి చప్పుడు లేకుండా ఎగిరిపోతేనే ప్రమాదం.

తెలంగాణ ‘సమగ్ర వేదిక’ సంగతే చూడండి. వేర్వేరు శాఖల రికార్డులు తెచ్చి, పేర్లూ చిరునామాలూ పోల్చి, వీళ్లంతా ఒకే మనిషని తేల్చే సాఫ్ట్‌వేర్ అది. ఆ మనిషి పేరిట కారు లాంటిది కనబడితే రేషన్‌కు అనర్హుడని లెక్కేస్తారు. వినడానికి తేలికే. కానీ లక్ష్మి పేరును ఇంగ్లిష్‌లో ఒక శాఖ ‘ఎక్స్’తో రాస్తే, ఇంకోటి ‘కేఎస్‌హెచ్’తో రాస్తుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, మరోచోట పొడి అక్షరమే. ఆడవాళ్లకైతే ఒక రికార్డులో తండ్రి పేరు, ఇంకోదాంట్లో భర్త పేరు. అచ్చంగా సరిపోలేవి దొరకవు కాబట్టి ఇలాంటి సాఫ్ట్‌వేర్ పోలికకు మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు దాటితే ఒకే మనిషి? గీత కిందికి జరిపితే ఎవరి కారో ఇంకెవరి నెత్తినో పడుతుంది. పైకి జరిపితే నిజమైన అనర్హులు తప్పించుకుంటారు. అసలు పాలసీ ఈ గీతే. దాన్ని సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ (వెండర్) సెట్టింగులకు వదిలేస్తే జీవోలో ఎంత గొప్పగా రాసుకున్నా ఒకటే.

హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుణ్ని, దగ్గరి పేరున్న వేరొకరి కారుకు యజమానిగా లెక్కేశారు. ఆ ఇంటికి రేషన్ ఆగింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జులై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 ఆమోదం పొందాయి. అంటే పరిశీలించినవాటిలో నూటికి ఏడున్నర రద్దులు తప్పే.

ఇలాంటి వ్యవస్థకు ఫైల్లో ‘డేటా ఇంటిగ్రేషన్’ అని పేరు పెడితే చాలు, ఏఐ పాలసీ దాని జోలికే రాదు. అందుకే నిర్వచనం ముఖ్యం. ప్రభుత్వ నిర్ణయాల్లో కంప్యూటర్ల వాడకంపై 2019 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కెనడా ఆదేశం ఈ పని చక్కగా చేసింది: అధికారి విచక్షణకు సాయపడే, లేదా దాని బదులు పనిచేసే ఏ సాంకేతికతైనా దాని కిందికే వస్తుంది. శాఖ ఒక ప్రశ్నావళి నింపితే, జనంపై ఆ సిస్టం ప్రభావం నాలుగు స్థాయుల్లో ఎక్కడుందో తేలుతుంది. మూడు, నాలుగు స్థాయుల్లో తుది నిర్ణయం మనిషిదే.

మన దగ్గర ఆ మనిషి ఎవరు? ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. ముందే ‘అనర్హుడు’ అన్న స్క్రీన్ చూపించి ఇంటికి పంపితే, సంతకం పెట్టుకుని వచ్చేస్తాడు. తప్పు అతనిది కాదు, సిస్టంతో విభేదిస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది అతనే మరి. కాబట్టి మార్కులు దాచి పంపాలి. సిస్టం చెప్పినదాన్ని ఎన్నిసార్లు కాదన్నారో ప్రతి మండలంలో లెక్క ఉంచాలి. వెయ్యి కేసుల్లో సున్నా అని వస్తే, అక్కడ పరిశీలన జరగడం లేదనే అర్థం.

అమలుకు ముందు ఓ 500 కేసులు తీసి ఇంటింటికీ వెళ్లి చూడాలి. ఒకే పేరు చాలామందికి ఉండే చోట్లూ, ఇంటిపేరు మారిన ఆడవాళ్లూ అందులో తప్పకుండా ఉండాలి. నోటీసు తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో ఇవ్వాలి. ‘మీరు అనర్హులు’ అంటే కుదరదు. ఏ శాఖ రికార్డు, ఏ బండి నంబరు అన్నది రాయాలి. అప్పుడే ‘ఆ బండి నాది కాదు’ అనగలుగుతారు. విచారణ ముగిసేదాకా బియ్యం ఆగకూడదు. టెండర్లో లాగ్‌లు (సిస్టం ఎప్పుడేం చేసిందో చెప్పే రికార్డులు) ప్రభుత్వానివేనని, గీత జరపాలంటే రాతపూర్వక ఉత్తర్వు కావాలని రాసుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే ‘వ్యాపార రహస్యం’ అంటారు.

శాఖకో రూలు ఉంటే రేషన్‌కు పనికిరాని మనిషి పింఛనుకు పనికొస్తాడు. ఫారం, నోటీసు, అప్పీలు అన్ని శాఖలకూ ఒకటే ఉండాలి. గీత మాత్రం నష్టాన్ని బట్టి మారాలి, తిండికి సంబంధించినదైతే బాగా పైన.

ఇంకొకటి. తప్పు తేలాక కార్డు చేతిలో పెట్టి పంపేస్తే లెక్క తీరదు. హక్కున్న ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. ఆగిన నెలలకు ఆ డబ్బు ఏ పద్దు కింద, ఎన్ని రోజుల్లో ఇస్తారో అదే జీవోలో ఉండాలి.