వెనక సీటు కోసం బండి వెతుకులాట

జూన్

ఇప్పుడున్న 100 సీసీ బండి తిరుపతి ఊళ్లో తిరగడానికి, ఇద్దరం చంద్రగిరి దాకా వెళ్లి రావడానికి చాలు. రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ మొదలయ్యేసరికి ఇంజిను మొరాయిస్తుంది, రెండో గేరు దాటనివ్వదు. మా తిరుగుళ్లన్నీ సెలవు రోజుల్లోనే. తలకోన, శ్రీకాళహస్తి, కాణిపాకం, వీలైతే మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్. కొత్త బండికి నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: నూట యాభై కిలోమీటర్లు తిరిగొచ్చిన మర్నాడు మా ఆవిడ నడుము పట్టుకుని కూర్చోకూడదు.

ఎవరిని సలహా అడిగినా ముందు కూర్చునేవాడి సంగతులే చెబుతున్నారు. పికప్పు, మైలేజీ, సైలెన్సర్ శబ్దం. వెనక మనిషి మాట ఎత్తితే “సీటు పెద్దదే సార్” అని ఊరుకుంటున్నారు. మా ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది: “ఏమండీ, ముందు కూర్చుని బాగుందనడం కాదు, ఒకసారి వెనక కూర్చుని చెప్పండి.”

అదే పద్ధతి పెట్టుకున్నాం. టెస్ట్ రైడ్‌కి మా బావమరిది నడుపుతాడు, వెనక నేను. తర్వాత వెనక మా ఆవిడ. నేను నడపడం ఆఖరున. షోరూము కుర్రాడికి వింతగానే తోచింది, కానీ కాదనలేదు.

జూలై

కాగితం మీద మిగిలినవి ఐదు. అంకెలు ఒకసారి పక్కపక్కన రాసుకుంటే సగం గందరగోళం తీరుతుంది. బజాజ్ అవెంజర్ 220 క్రూజ్ సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 350ది 765, హోండా యూనికార్న్‌ది 798, హోండాదే హైనెస్ సీబీ 350ది 800, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ది 805. బరువు చూస్తే యూనికార్న్ 140 కిలోల దగ్గర, హైనెస్ 181, క్లాసిక్ 195.

వెనక మనిషిని ఎక్కించుకునేవాడికి సీటు ఎత్తు చాలా ముఖ్యం. ఆమె ఎక్కేటప్పుడు బండి మొత్తం ఒక పక్కకు లాగుతుంది. ఆ క్షణంలో నా రెండు పాదాలూ మడమలతో సహా నేలమీద ఆనాలి. మునివేళ్ల మీద నిలబడి 180 కిలోల బండినీ, ఎక్కుతున్న మనిషినీ ఆపడం నాలాంటి అయిదున్నర అడుగుల వాడికి పరీక్షే. చెప్పులతో కాకుండా, రోజూ వేసుకునే బూట్లతో కూర్చుని చూడాలి.

మా ఆవిడ కుట్టు మిషను దగ్గరి టేపు తెచ్చి, ప్రతి బండికీ వెనక సీటు అంచు నుంచి ఫుట్‌రెస్టు దాకా కొలిచింది. ఇంట్లో కుర్చీ ఎత్తు 17 అంగుళాలు. ఆ కొలతకు ఎంత దగ్గరగా ఉంటే మోకాలికి అంత సుఖం. దూరం తగ్గితే మోకాలు పైకి ముడుచుకుంటుంది, బరువంతా తుంటి మీద పడుతుంది, అరగంటకే కదలడం మొదలవుతుంది. ఈ కొలత ఏ ప్రకటనలోనూ కనిపించదు. స్పోర్ట్స్ తరహా బండ్లలో వెనక సీటు ఎత్తుగా, చిన్నదిగా, ఫుట్‌రెస్టు పైకి ఉంటాయి. వాటిని షోరూములోనే దాటేశాం.

చీర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవారి కోసమే ఉంది: పట్టుకోవడానికి పిడి, పాదాలకు ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ. ఈ మూడూ బండికి ఉన్నాయో లేదో డెలివరీకి ముందే చూసుకోవాలి. అందం కోసం శారీ గార్డు విప్పించే కుర్రాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక పక్కకు కూర్చుంటే కుడి చెయ్యి నా భుజం మీద, ఎడమ చెయ్యి వెనక కమ్మీ మీద ఉంటుంది. వెనక ఆనుకునే దిండు ఉన్న బండిలో అది సరిగ్గా ఆమె ఎడమ తుంటికి తగులుతుంది. రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుంటే మాత్రం అదే దిండు వరం. చివరికి కుదుర్చుకున్న ఒప్పందం: ఊళ్లో చీర, ఘాట్ ఎక్కేరోజు చుడీదారు, కాళ్లు చెరో వైపు.

ఆగస్టు

హైనెస్ తీసుకున్నాం. సీటు ఒకే ముక్కగా బల్లపరుపుగా ఉండటం మొదటి కారణం. ఆమె కాస్త వెనక్కి, ముందుకు సర్దుకోవచ్చు. రెండోది ఇంజిను తీరు. 30 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే ఇంజిను తిప్పే బలం, 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే అందుతుంది కాబట్టి మలుపు మలుపుకీ గేరు మార్చనక్కర్లేదు. స్లిప్పర్ క్లచ్ ఉంది, గేరు తగ్గించినప్పుడు వెనక చక్రం కుదుపు తక్కువ. పూర్తిగా ఊళ్లో తిరగడానికే అయితే యూనికార్న్ తీసుకునేవాణ్ణి. బరువు తక్కువ, సందుల్లో హాయి.

తెచ్చిన వారంలో చేసినవి. ఇద్దరికీ ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్లు. వెనక షాక్ అబ్జార్బర్ల రింగును కొక్కెం స్పానరుతో ఒక మెట్టు బిగించడం. రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి. చైను సడలింపును ఇద్దరం కూర్చున్నాక మరోసారి చూడటం, ఎందుకంటే బరువుకు బండి కిందికి దిగితే చైను బిగుస్తుంది. వెనక టైరు గాలి ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఒకటి. ఆ అంకెలు బండి స్టిక్కరు మీదే ఉంటాయి, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. ఇంకోటి చాలామంది పట్టించుకోరు: వెనక మనిషి కూర్చోగానే హెడ్‌లైటు వెలుగు పైకి లేస్తుంది. రాత్రి గోడ ముందు ఇద్దరం కూర్చుని దాన్ని కిందికి దించాం.

అక్టోబరు

అలిపిరి నుంచి జూ పార్కు రోడ్డు మీదుగా చెర్లోపల్లె, అక్కడి నుంచి శ్రీనివాసమంగాపురం. ఉదయం పూట ఇదే నా అభ్యాసం. నేను బండి ఎలా నడుపుతున్నానో చెప్పేది వెనక హెల్మెటు. గేరు మార్చినప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఆమె హెల్మెటు నా హెల్మెటుకు టక్కున తగిలితే నేను తొందరపడ్డట్టు. మొదట్లో స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే ఈ టక్కు ఖాయం. వెనక బ్రేకును కాస్త ముందుగా, మెత్తగా వేసి బండి కుదురుకున్నాక ముందు బ్రేకు పెంచడం అలవాటయ్యాక తగ్గింది. క్లచ్ వదిలేటప్పుడు యాక్సిలరేటరు కొంచెం తిప్పితే గేరు మార్పు ఆమెకు తెలియనే తెలియదు.

వానలు పడ్డాక తలకోన వెళ్లాం. భాకరాపేట ఘాట్ మూడో గేరులో ఎక్కింది, నిటారు మలుపుల్లో రెండో గేరులో. దిగేటప్పుడు న్యూట్రల్ మాటే లేదు, ఎక్కిన గేరులోనే దిగాలి. తిరుమల మొదటి ఘాట్‌లో దిగడానికి కనీసం 40 నిమిషాలని నియమం పెట్టింది ఊరికే కాదు. 36 మెలికలూ బ్రేకు మీదే దిగితే డ్రమ్మైనా డిస్కైనా వేడెక్కి పట్టు తగ్గుతుంది.

ప్రతి నలభై కిలోమీటర్లకూ ఒకసారి ఆగాం, ఆమె అడగకముందే. నేరబైలు దగ్గర టీ తాగుతుంటే నడుము సంగతి అడిగాను. నడుముకు ఏమీ లేదట, అరచేతులే మంట పుడుతున్నాయట. వెనక కమ్మీ ఎండకు కాలిపోతోంది. వచ్చే ఆదివారం దానికి రెగ్జిన్ చుట్టించాలి, నల్లది కాకుండా.