మమ్మీలు, గుమ్మడి గింజలు

ఓవెన్ తలుపు తీసేసరికి 24 మమ్మీలు బంగారు రంగులో పొంగి, ఆవగింజల కళ్లతో నా వైపే చూస్తున్నాయి.

అక్టోబరు 31న పిల్లలు దయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండుగ కోసం చేసిన తినుబండారాలివి. పఫ్ పేస్ట్రీని సన్నని పట్టీలుగా కోసి, ఉప్పూ కారమూ పట్టించిన పనీర్ ముక్కలకు ఈజిప్టు మమ్మీలకు కట్లు కట్టినట్టు చుట్టి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో 20 నిమిషాలు ఉంచాను. పిండి చల్లగా ఉన్నంతసేపే పట్టీ తెగకుండా వస్తుంది కాబట్టి, కొంచెం కొంచెంగా ఫ్రిజ్‌లోంచి తీసుకుంటూ చేయవలసి వచ్చింది.

గుమ్మం ముందు పెట్టడానికి చెక్కిన గుమ్మడికాయ గుజ్జుతో పులుసు పెట్టాలని ఎంతో ఆశపడ్డాను గాని, చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో పీచూ నీరూ ఎక్కువ, తీపి తక్కువ. అందుకని గింజలను కడిగి ఆరబెట్టి, ఉప్పు, కారం, జీలకర్రపొడి వేసి వేయించాను. హాలోవీన్ పార్టీలో అన్నిటికంటే ముందు ఖాళీ అయిన గిన్నె అదే.

ఐర్లండ్‌లో పూర్వం దుష్టశక్తులు దరిచేరకుండా టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టేవారు; అక్కడివారు అమెరికాకు వలస వచ్చాక ఆ స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది. వీడియో కాల్‌లో మా అమ్మ ఆ చెక్కిన ముఖాన్ని చాలాసేపు చూసి, "మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టేదీ ఇందుకే కదమ్మా" అన్నది.

పిల్లలందరూ వెళ్లిపోయాక, ఆ దీపం ఆరిపోయేదాకా నేను మెట్ల మీదే కూర్చున్నాను.