మూడో కాలం

42వ ఏట వీణ పట్టినప్పుడు, ఆరు నెలల్లో ఒక కీర్తన వాయించేయాలన్న తొందర నాలో ఉండేది. రోజూ తెల్లవారుజామున అరగంటసేపు మాయామాళవగౌళ రాగంలో అవే సరళీ స్వరాలను (తొలి పాఠాలను), ఆది తాళం 8 అక్షరాల లెక్క తప్పకుండా వాయించమని గురువుగారు చెబితే, నిజానికి విసుగే వచ్చింది. మొదటి కాలంలో, అంటే నిదానపు వేగంలో, నిలకడగా సాగే చెయ్యి అన్నిటికన్నా వేగమైన మూడో కాలానికి వచ్చేసరికి తాళాన్ని వదిలి పరుగెత్తేది. ఎదుటివారి మాట పూర్తికాకముందే జవాబిచ్చే నా పాత అలవాటే ఆ పరుగులోనూ బయటపడుతోందని రెండో ఏడాదిలో గానీ నాకు తెలియలేదు (మా ఇంట్లోవాళ్లకు మాత్రం ఎప్పటినుంచో తెలుసు). ఇప్పుడు ఎడమ చూపుడు వేలి కొస కాయ కాసింది. నిన్న మూడో కాలం ఆసాంతం తాళం తప్పకుండా సాగితే, ఆయన ఏమీ అనకుండా తల మాత్రం ఊపారు. గీతాల దాకా, అంటే కీర్తనలకు ముందు నేర్పే చిన్న పాటల దాకా, వచ్చాం. కీర్తన ఇంకా మొదలుకాలేదు.