నాలుగు తెల్ల కుట్లు

నిన్న బరంపురం బజారులో ఒక కుర్రాడి జాకెట్ వీపు మీద నాలుగు తెల్ల కుట్లు చూసి మనసు చివుక్కుమంది. 1988లో పారిస్‌లో తన ఫ్యాషన్ బ్రాండ్ మొదలుపెట్టిన డిజైనర్ మార్టిన్ మార్జెలా, పేరు లేని ఖాళీ తెల్ల లేబుల్‌ని ఆ నాలుగు కుట్లతోనే అతికించేవాడు. పేరు వద్దు, బట్టను చూడండి అని. కావాలంటే ఆ లేబుల్‌ని విప్పేసుకోవచ్చు కూడా. ఇప్పుడు నకిలీవాళ్లు ముందుగా కాపీ కొట్టేది ఆ కుట్లనే!

"ట్రెండ్ కదన్నా" అన్నాడు ఆ కుర్రాడు. పాపం, అతని మీద కోపం లేదు. కానీ 2012లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మా బరంపురం పట్టు పేరు చెప్పి, గుడి శిఖరాల్లాంటి కుంభం అంచు అచ్చేసిన పాలిస్టర్ చీర అమ్మితే మాత్రం ఊరుకోలేను. ఆ అంచుని మగ్గం మీద నేసే మామయ్య కష్టానికి ధర ఎవరు కడతారు?