కామెర్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికిన నా అనుభవం

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న మా ఊళ్లో ఆ వర్షాకాలం కామెర్లు వీధి తర్వాత వీధికి పాకాయి. నేను ఆరోగ్య శాఖలో ఫీల్డు పని చేస్తాను. తెలుగు వీధులు నాకు బాగా తెలుసని జిల్లా నుంచి వచ్చిన బృందంలో నన్నూ చేర్చారు.

ఆసుపత్రి రిజిస్టరు చూస్తే పెద్దగా కంగారు పడాల్సినట్టు లేదు. కానీ కామెర్లు వస్తే మనవాళ్లు ముందు వెళ్లేది పసరు ఇచ్చేవాళ్ల దగ్గరికే. అందుకే పట్టుబట్టి డాక్టరుగారిని అక్కడికి తీసుకెళ్లాను. పసరు ఇచ్చే తాతతో మందు గురించి వాదన పెట్టుకోలేదు. ఎవరు వచ్చారు, ఏ వీధి, ఎప్పుడు అని మాత్రమే అడిగాం. అన్నీ ఆయనకు నోటికి వచ్చు. "చవితికి ముందు వారం తెల్లారేసరికే గుమ్మంలో బారులు తీరేవారమ్మా" అన్నారు. ఆ ఒక్క పూటతో మా లైన్ లిస్టు, అంటే రోగుల పేర్ల జాబితా, రెట్టింపు దాటింది.

ఊరి అనుమానం అంతా గుప్‌చుప్ (పానీపూరీ) బండి మీదే. పాపం, అతని మీదికి కొట్టడానికి కూడా వెళ్లారు. జాబితా చూస్తే లెక్క కుదరలేదు. బండి ముఖం చూడని ముసలివాళ్లకీ కామెర్లు వచ్చాయి. రోజూ అక్కడ తినే పైవీధి కుర్రాళ్లకు రాలేదు. ఆ పైవీధిలో అందరూ తాగేది బోరు నీళ్లు. కిందివీధుల్లో కుళాయి నీళ్లు. తప్పు బండిది కాదన్న మాట వార్డు మీటింగులో అందరి ముందూ డాక్టరుగారి చేతే చెప్పించాను.

వయసులు కూడా ఒక దారి చూపించాయి. ఎక్కువమంది 15 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లే. మురికి నీళ్లతో కామెర్లు తెచ్చే వైరస్‌లలో హెపటైటిస్ ఏ (A) మన దగ్గర చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా వచ్చి పోతుంది. పెద్దవాళ్లను ఇలా ఒకేసారి మంచాన పడేసేది ఎక్కువగా హెపటైటిస్ ఈ (E). అది వినగానే నాకు టెన్షన్ మొదలైంది. గర్భిణులకు చివరి మూడు నెలల్లో ఇది సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. బరంపురానికి పంపిన రక్త పరీక్షల రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు. ఆశా దీదీలను వెంటపెట్టుకుని ముందు గర్భిణుల ఇళ్లకే వెళ్లాం, కాచిన నీళ్లే తాగమని చెప్పాం. రిపోర్టులో హెపటైటిస్ ఈ ఐజీఎం (ఈ మధ్యే సోకిందని చూపే యాంటీబాడీ) పాజిటివ్ అనే వచ్చింది.

వైరస్ ఒంట్లోకి వెళ్లిన 2 నుంచి 8 వారాలకు గానీ జబ్బు బయటపడదు. చవితి నుంచి వెనక్కి లెక్కేస్తే రథయాత్ర తర్వాత పడ్డ వానల దగ్గరికి చేరాం. తారీఖులు ఎవరికీ గుర్తులేవు, పండగలు మాత్రం అందరికీ గుర్తే. ఆ రోజుల్లో నీళ్లు మురికిగా, వాసనగా వచ్చాయని కిందివీధి ఆడవాళ్లు అందరూ ఒకే మాట చెప్పారు. కుళాయి పైపులు మురుగు కాలువలోంచే వెళ్తున్నాయి. నీళ్లు వదిలేది రోజుకు కొద్దిసేపే. మిగతా వేళ ఖాళీ అయిన పైపు చిల్లు ఉన్నచోట బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది. కల్వర్టు కింద ఊడిన జాయింటు దొరికింది. చివరి ఇళ్ల నీళ్లలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తే రంగే రాలేదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

నీటి శాంపిల్లో మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా దొరికింది. అది మలం కలిసిందని చెబుతుంది గానీ వైరస్‌ను చూపించదు. నన్ను నిజంగా ఒప్పించింది మాత్రం బోరు ఇళ్లకూ కుళాయి ఇళ్లకూ ఉన్న తేడాయే.

పైపు మార్చాక కూడా కొన్ని వారాలు కొత్త కేసులు వచ్చాయి. "మార్చి ఏం లాభం?" అని నిలదీశారు. ఇవి మార్చకముందు తాగిన నీళ్ల వల్ల వచ్చినవని ఇంటింటికీ తిరిగి చెప్పాం. అప్పటిదాకా కాచిన నీళ్లు మానొద్దని బతిమాలాం. రోజూ పొద్దున్నే వీధి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూసే పని ఆశా దీదీలకు అప్పగించాం.